గోల్ఫ్ బంతి: నిర్మాణం, నడత, ఎంపిక

గోల్ఫ్ బంతి నిమ్మకాయంత ఉంటుంది, గట్టిగా ఉంటుంది. వ్యాసం 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, బరువు 45.93 గ్రాములు దాటకూడదు. ఒళ్లంతా సొట్టలే, వాటికి డింపుల్స్ అని పేరు. క్రికెట్‌లోనూ టెన్నిస్‌లోనూ బంతులు నిర్వాహకులే ఇస్తారు. గోల్ఫ్‌లో మాత్రం ఎవరి బంతి వాళ్లే తెచ్చుకోవాలి. స్ట్రోకులు, అంటే దెబ్బలు, లెక్కపెట్టే పోటీలో పక్కవాడి బంతిని పొరపాటున కొట్టినా రెండు స్ట్రోకుల జరిమానా పడుతుంది. సంచిలో పద్నాలుగు క్లబ్బుల దాకా పెట్టుకోవచ్చు, దెబ్బకొకటి తీయవచ్చు. బంతి మాత్రం అన్ని దెబ్బలకూ అదే. అయినా క్లబ్బు కొనేముందు నలుగురినీ అడిగి నాలుగు దుకాణాలు తిరిగే మనిషి, బంతుల దగ్గరికి వచ్చేసరికి పెట్టె మీది మాట నమ్మి కొనేస్తాడు. చాలా పెట్టెల మీద ఉండేది ఒకటే మాట: దూరం. ఎంపిక దారి తప్పేది అక్కడే. బంతికీ బంతికీ ఉన్న తేడా మొదటి దెబ్బ కొట్టే టీ దగ్గరకంటే, గుంట చుట్టూ గడ్డిని నున్నగా కత్తిరించిన గ్రీన్ దగ్గర ఎక్కువగా బయటపడుతుంది.

దూరం విషయంలో కంపెనీల చేతులు నియమాలు ముందే కట్టేశాయి. స్కాట్లాండ్‌లోని ఆర్ అండ్ ఎ, అమెరికాలోని యుఎస్‌జిఎ అనే రెండు సంస్థలు ఆట నియమాలు రాస్తాయి, బంతులనూ పరీక్షిస్తాయి. బరువు, పరిమాణం, అన్ని వైపులా ఒకేలా ఎగిరే గుణం, దెబ్బ తగిలిన వెంటనే ఉండే వేగం, మొత్తం దూరం అనే అయిదింటికీ హద్దులున్నాయి. చాలాకాలంగా అమల్లో ఉన్న దూరం పరీక్షలో యంత్రం గంటకు 120 మైళ్ల వేగంతో బంతిని కొడుతుంది. అది 317 గజాలు, పైన 3 గజాల వెసులుబాటు, అంతకు మించి పోకూడదు. నెగ్గిన బంతుల జాబితాను ఆ సంస్థలు ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంటాయి. పేరున్న బంతులు చాలావరకు ఆ గీతను ఆనుకునే ఉంటాయి కాబట్టి ‘అందరికంటే దూరం’ అన్న ప్రకటనలో బంతి గొప్పకంటే ప్రకటన రాసినవాడి గొప్పే ఎక్కువ.

ఈకల నుంచి యూరిథేన్ దాకా

స్కాట్లాండ్‌లో చాలాకాలం వాడిన బంతి తోలుసంచిలో పక్షి ఈకలు కూరి చేసింది. తడిపిన తోలును కుట్టి, కుట్లు లోపలికి పోయేలా తిరగేసి, చిన్న సందులోంచి ఉడికించిన బాతు ఈకలను కూరేవారు. ఒక పొడవాటి టోపీ నిండా పట్టే ఈకలన్నీ ఒక్క బంతిలోకి పోయేవని చెబుతారు. ఆరేటప్పుడు తోలు బిగుసుకునేది, లోపలి ఈకలు ఉబ్బేవి; బంతి రాయిలా తయారయ్యేది. చేయి తిరిగిన పనివాడు కూడా రోజుకు మూడు నాలుగుకు మించి చేయలేకపోయేవాడు. దాంతో బంతి ఖరీదైన వస్తువై కూర్చుంది. వానలో నానితే బరువెక్కేది, గట్టి దెబ్బ తగిలితే కుట్లు తెగి ఈకలు చెల్లాచెదురయ్యేవి.

1848 ప్రాంతంలో గట్టాపెర్చా వచ్చింది. మలయా ప్రాంతపు చెట్ల పాల నుంచి తీసే ఈ పదార్థం వేడినీళ్లలో మెత్తబడి, చల్లారితే గట్టిపడుతుంది. అరచేతుల మధ్య లడ్డూ చుట్టినట్టు చుడితే బంతి తయారు. దీని పుట్టుకకు మన దేవుడితో ముడిపడిన కథ ఒకటుంది. తూర్పు దేశాల నుంచి సెయింట్ ఆండ్రూస్‌కు వచ్చిన విష్ణుమూర్తి విగ్రహం దెబ్బతినకుండా చుట్టూ గట్టాపెర్చా సర్దారని, రాబర్ట్ పాటర్సన్ అనే విద్యార్థి ఆ ముక్కలతోనే తొలి బంతి చేశాడని చెప్పుకుంటారు. దీన్ని కథగానే తీసుకోవాలి. కొత్త బంతి ఈకల బంతుల వ్యాపారాన్ని దెబ్బకొట్టిన మాట మాత్రం నిజం. ఈకల బంతులకు పేరుమోసిన అలన్ రాబర్ట్‌సన్, తన దగ్గర పనిచేసే టామ్ మోరిస్ గట్టాపెర్చా బంతితో ఆడాడని తెలిసి తగువుపడ్డాడు. ఇద్దరూ విడిపోయారు.

ఈ నున్నటి బంతికి ఒక చిత్రమైన జబ్బు ఉండేది. కొత్తగా ఉన్నప్పుడు గాలిలో నిలవక టక్కున పడిపోయేది. నాలుగు రోజులు ఆడి గీతలు, గాట్లు పడ్డాక చక్కగా ఎగిరేది. కారణం తెలియకపోయినా ఆటగాళ్లకు కిటుకు దొరికింది. కొత్త బంతుల మీద సుత్తితో గాట్లు పెట్టడం మొదలుపెట్టారు. ఇవాళ్టి డింపుల్స్‌కు పునాది ఆ గాట్లే. లోపలికి దిగిన గుండ్రటి గుంటల నమూనాకు ఇంగ్లండ్‌లోని విలియం టేలర్ 1908లో పేటెంట్ పొందాడు.

అప్పటికే బంతి కడుపు కూడా మారిపోయింది. 1898లో అమెరికాలోని ఓహాయోలో కోబర్న్ హాస్కెల్ రబ్బరు దారాన్ని బిగలాగి ఉండలా చుట్టి, పైన తొడుగు వేసి చూశాడు. 1902లో శాండీ హెర్డ్ ఇదే రకం బంతితో బ్రిటిష్ ఓపెన్ గెలిచాక అనుమానించినవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. దారం చుట్టిన బంతి దాదాపు వందేళ్లు ఏలింది. దాని బలాటా తొడుగు మెత్తనిది, గ్రీన్ మీద చెప్పినమాట వినేది. క్లబ్బు అంచు తగిలిందంటే మాత్రం నవ్వుతున్న నోరులా చీలిపోయేది. 1960లలో డ్యూపాంట్ సంస్థ తెచ్చిన సర్లిన్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగు ఆ బాధ తీర్చింది, గ్రీన్ మీది పట్టును తీసుకెళ్లింది. అలా దాదాపు ముప్పై ఏళ్లు మెత్తని బంతి పెద్ద ఆటగాళ్లది, గట్టి బంతి వారాంతపు ఆటగాళ్లది అని రెండు కులాలుగా నడిచింది.

ఆ రెండిటి మధ్య గోడ 2000 సంవత్సరంలో కూలింది. ఘనమైన రబ్బరు కోర్ మీద మెత్తని యూరిథేన్ తొడుగున్న బంతితో టైగర్ వుడ్స్ ఆ జూన్‌లో పెబుల్ బీచ్‌లో యుఎస్ ఓపెన్‌ను 15 స్ట్రోకుల తేడాతో గెలిచాడు. ఆ ఏడాదే అక్టోబరులో అదే తరహా బంతి టైట్లిస్ట్ ప్రో వి1 లాస్‌వేగస్ పోటీలో అడుగుపెట్టింది. మొదటి వారమే నలభై మందికి పైగా దానికి మారిపోయారు. కొద్ది కాలానికే దారం బంతి అద్దాల బీరువాలోకి చేరింది. దూరానికొక బంతి, పట్టుకొక బంతి అని ఎంచుకోవాల్సిన అవసరం పోయింది. మిగిలింది ధర ప్రశ్న.

బంతి గాలిలో ఏం చేస్తుంది

గోల్ఫ్ బంతి మీద సాధారణంగా 300 నుంచి 500 దాకా డింపుల్స్ ఉంటాయి. నున్నటి బంతిని గాలి త్వరగా వదిలేసి వెనక పెద్ద సుడిని మిగులుస్తుంది. ఆ సుడి బంతిని వెనక్కి లాగుతుంది. డింపుల్స్ బంతిని అంటిపెట్టుకున్న పల్చటి గాలిపొరను కలచి, మరికాస్త వెనకదాకా అతుక్కునేలా చేస్తాయి. సుడి చిన్నదవుతుంది, ఈడ్పు దాదాపు సగానికి తగ్గుతుంది. డింపుల్స్ లేని బంతి ఉన్నదానిలో సగం దూరం పోవడమే గగనం.

రెండో శక్తి బ్యాక్‌స్పిన్. క్లబ్బు ముఖం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి బంతి ఆటగాడి వైపు తిరుగుతూ ముందుకు పోతుంది, ఆ తిరుగుడే దాన్ని పైకి ఎత్తి పడుతుంది. 1890లలో ఈ లెక్క తేల్చినవాడు ఎడిన్‌బరో భౌతికశాస్త్రజ్ఞుడు పి.జి. టెయిట్. ఆయన కొడుకు ఫ్రెడ్డీ టెయిట్ 1896లోనూ 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ చాంపియన్. తండ్రికి ప్రయోగశాల ఇంట్లోనే ఉన్నట్టయింది. తిరిగే ఇరుసు పక్కకు ఒరిగితే బంతి కూడా ఆ పక్కకే వంకరపోతుంది. కొత్తవాళ్లను ఏడిపించే స్లైస్ అదే. 1970లలో పొలారా అనే బంతి కొన్ని చోట్ల లోతు తక్కువ డింపుల్స్‌తో తనను తానే సరిదిద్దుకుని తిన్నగా పోయేది. యుఎస్‌జిఎ 1981లో బంతి అన్ని వైపులా ఒకేలా ఎగరాలన్న నియమం పెట్టి దాన్ని ఆపింది. స్లైస్‌కు మందు బంతిలో లేదు, చేతుల్లో ఉంది. తక్కువ స్పిన్ బంతి ఆ వంకరను కాస్త తగ్గిస్తుంది, అంతవరకే.

పొరలు, తొడుగు

మొత్తం ఒకే ముద్దగా పోసిన బంతులు సాధన మైదానాల్లో కనిపిస్తాయి. ఎంత కొట్టినా చావవు, ఎంత కొట్టినా దూరం పోవు. రెండు పొరల బంతిలో పెద్ద రబ్బరు కోర్, పైన అయనోమర్ తొడుగు ఉంటాయి. సర్లిన్ ఈ జాతిదే. మూడు పొరల బంతిలో మధ్యన మరో గట్టి పొర చేరుతుంది. నాలుగు, అయిదు పొరల బంతులూ ఉన్నాయి. పొరలు పెరిగినకొద్దీ బంతి గొప్పదనుకోవడం తప్పు. దూరం కొట్టే డ్రైవర్ క్లబ్బుతో స్పిన్ తక్కువగా, గ్రీన్ మీదికి ఎత్తి వేసే వెడ్జ్ క్లబ్బుతో ఎక్కువగా ఉండేలా ఇంజినీరు సర్దుబాటు చేసుకోవడానికి పొరలు పనికొస్తాయి. కొనేవాడు అన్నిటికంటే ముందు చూడాల్సింది తొడుగు అయనోమరా, యూరిథేనా అన్నది.

వెడ్జ్ ముఖం మీద సన్నటి గాళ్లుంటాయి. మెత్తని యూరిథేన్ ఆ గాళ్లకూ కిందున్న గట్టి పొరకూ మధ్య నలిగి, క్లబ్బును పట్టుకుంటుంది. అయనోమర్ జారిపోతుంది. పెద్ద ఆటగాళ్ల డ్రైవర్ దెబ్బకు బంతి నిమిషానికి సుమారు 2,500 చుట్లు తిరిగితే, పూర్తి వెడ్జ్ దెబ్బకు 9,000 దాటుతుంది. నలభై గజాల నుంచి రెండు బంతులనూ ఒకే గ్రీన్ మీదికి వేసి చూస్తే అంకెలతో పని ఉండదు. అయనోమర్ బంతి కాస్త ఎత్తుగా లేచి, పడి, ఒకటి రెండు గెంతులు వేసి, పాదరసంలా ముందుకు పాకుతుంది. యూరిథేన్ బంతి కిందుగా వస్తుంది. మొదటి గెంతు మామూలుగానే వేసి, రెండో గెంతులో ఎవరో చొక్కా పట్టి లాగినట్టు ఆగుతుంది.

కంప్రెషన్ అనే అంకె

కంప్రెషన్ అంటే నొక్కితే బంతి ఎంత లొంగుతుందో చెప్పే కొలత. 30, 40 అంటే మెత్తన; 90, 100 అంటే గట్టి. నెమ్మదిగా ఊపేవాళ్లు మెత్తటి బంతి, వేగంగా ఊపేవాళ్లు గట్టి బంతి వాడాలన్నది తరతరాలుగా క్లబ్బుల్లో వినిపించే సలహా. వినడానికి బాగుంటుంది, పనికొచ్చేది తక్కువ. క్లబ్బుకూ బంతికీ స్పర్శ ఉండేది సెకనులో రెండువేలో వంతు మాత్రమే, ఆ క్షణంలో ఎవరు కొట్టినా బంతి నొక్కుకుంటుంది. వేగంగా ఊపేవాడికి మరీ మెత్తని బంతి కొంత వేగం పోగొడుతుంది. నెమ్మదిగా ఊపేవాడికి తేడా స్వల్పం. పైగా మెత్తని కోర్‌కు స్పిన్ తగ్గించే గుణం ఉంది. నెమ్మదిగా ఊపేవాళ్లకు బంతి గాలిలో నిలవడానికి కాస్త స్పిన్ కావాలి, అది తగ్గితే ఎత్తు చాలక ముందే పడిపోతుంది. పెద్దవయసువాళ్ల కోసమని అమ్మే మెత్తని బంతి కొందరికి మేలు, కొందరికి నష్టం చేసేది ఇందుకే. చేతికి, చెవికి హాయిగా ఉందని మెత్తని బంతి తీసుకోవడం మంచి కారణమే. గ్రీన్ మీద బంతిని దొర్లించే పటర్‌కు తగిలినప్పుడు ‘టిక్’ అనే బంతికీ ‘టుప్’ అనే బంతికీ మధ్య ఎంచుకునే హక్కు ఆడేవాడిదే.

గ్రీన్ నుంచి వెనక్కి

పార్ 72 కోర్సులో సాధారణంగా నాలుగు హోల్స్ పార్ 3, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన చిన్నవి, ఉంటాయి. డ్రైవర్ తీసే అవకాశం మహా అయితే మిగిలిన పద్నాలుగింటిలోనే. ఒక్కో గ్రీన్ మీద రెండేసి పట్లు అనుకుంటే ముప్పై ఆరు అక్కడే. మిగిలినవాటిలోనూ గ్రీన్ వైపు కొట్టేవి, గ్రీన్ పక్కనుంచి తట్టే చిప్‌లు చాలా ఉంటాయి. బెంగళూరుకు చెందిన అదితి అశోక్ 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అందరికంటే తక్కువ దూరం కొట్టేవాళ్లలో ఒకరై ఉండి, పటర్ బలంతో నాలుగో స్థానం దాకా వెళ్లింది. బంతిని ఎంచుకోవడం కూడా గ్రీన్ దగ్గర మొదలుపెట్టి టీ వైపు వెనక్కి నడవాలి.

పద్ధతి ఖర్చులేనిది. రెండు మూడు రకాలు, రకానికి మూడేసి బంతులు సాధన గ్రీన్ దగ్గరికి తీసుకెళ్లాలి. ముందు పదడుగుల పట్లు, తర్వాత ఇరవై ముప్పై గజాల చిప్‌లు, తర్వాత డెబ్బై గజాల వెడ్జ్. గ్రీన్ మీద ఆగే తీరు నచ్చనిదాన్ని అక్కడే పక్కన పెట్టేయాలి. మిగిలినవాటిని మధ్యస్థ ఐరన్ క్లబ్బుతో కొట్టి ఎత్తు చూడాలి. డ్రైవర్ చివరిది. అక్కడ తేడాలు సాధారణంగా అయిదారు గజాల్లో తేలిపోతాయి, కొత్తవాడి రెండు దెబ్బల మధ్య తేడా అంతకు నాలుగింతలుంటుంది. అమెరికా టూర్ ఆటగాళ్లు డ్రైవర్‌ను గంటకు సుమారు 115 మైళ్ల వేగంతో ఊపుతారు. మామూలు పురుష ఆటగాడు 90, 95 దగ్గర ఉంటాడు. టీవీలో చూసిన బంతి మనదగ్గర అలాగే ఎగరదు, గ్రీన్ పక్కన మాత్రం చాలావరకు అలాగే ఆగుతుంది. యూరిథేన్‌కు డబ్బు పెట్టడంలో ఉన్న న్యాయం అదే.

ఆ డబ్బు మాట. అమెరికాలో పేరున్న యూరిథేన్ బంతులు డజను 50 డాలర్లు దాటాయి, రెండు పొరల అయనోమర్ బంతులు అందులో సగానికే దొరుకుతాయి. 2016లో కాస్ట్‌కో అనే దుకాణాల సంస్థ తన కిర్క్‌లాండ్ పేరు మీద నాలుగు పొరల యూరిథేన్ బంతులను రెండు డజన్లు 30 డాలర్లకు పెడితే దుకాణాలు ఖాళీ అయిపోయాయి. ఆ తర్వాత నేరుగా ఆటగాళ్లకే అమ్మే చిన్న కంపెనీలు పెరిగి, మధ్యస్థ ధరలో యూరిథేన్ దొరకడం మామూలైంది. రౌండుకు అయిదారు బంతులు నీళ్లకూ పొదలకూ సమర్పించుకునే ఆటగాడు ఖరీదైనది వాడితే రెండు నష్టాలు: డబ్బు ఒకటి, నీటి మీదుగా కొట్టేటప్పుడు చేతుల్లో చేరే భయం రెండోది. అతనికి అయనోమరే మేలు. రౌండుకు ఒకటో రెండో పోయే స్థాయికి వచ్చాక యూరిథేన్‌కు మారవచ్చు.

మన కోర్సుల్లో సంచులు మోసే క్యాడీల దగ్గర దొరికిన బంతులు కొనడం మామూలే. పాలిథిన్ సంచిలో కడిగి తెచ్చిన డజను బంతుల్లో ఎనిమిది కంపెనీలు, పది రకాలు ఉంటాయి. ఒకటి నిన్న పోయింది కావచ్చు, ఇంకొకటి నెలల తరబడి చెరువు అడుగున ఉన్నది కావచ్చు. మెరుపు చూసి మోసపోకూడదు. రంగు వేసి కొత్త ముద్ర కొట్టినవాటికంటే, చిన్న మరకున్నా అసలు పూత చెక్కుచెదరనివి నయం. అలా కొన్నా ఒకే రకం ఏరుకోవడం ముఖ్యం. ఒక హోల్‌లో పాకే బంతి, మరో హోల్‌లో ఆగే బంతి వాడేవాడికి చిప్ ఎక్కడ దించాలో చేయి ఎన్నటికీ నేర్చుకోదు. పెద్ద పోటీల్లో రౌండంతా ఒకే కంపెనీ, ఒకే రకం బంతి వాడాలన్న స్థానిక నియమం పెడుతుంటారు. మామూలు ఆటలో హోల్‌కూ హోల్‌కూ మధ్య రకం మార్చుకోవచ్చు. మార్చకపోతేనే మంచిది.

నేల, ఎండ, వాన

బంతి నడతను నేల కూడా మారుస్తుంది. దక్కన్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఫెయిర్‌వేలు, అంటే టీకీ గ్రీన్‌కూ మధ్య గడ్డి దారులు, బిగిసిపోయి ఏ బంతైనా దొర్లుతుంది. గ్రీన్‌లు మాత్రం గచ్చులా ఉంటాయి, అప్పుడు స్పిన్ విలువ తెలుస్తుంది. ఆగస్టు వానలకు నానిన గ్రీన్ మీద ఎంత చవక బంతైనా పడ్డచోటే కూర్చుంటుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది కాబట్టి పల్చటి గాలిలో బంతి విశాఖలో కంటే ఒకటి రెండు శాతం ఎక్కువ దూరం పోతుంది. గచ్చిబౌలి వైపు కోర్సుల్లో గ్రానైట్ గుండ్లకు తగిలిన యూరిథేన్ తొడుగు ఒక్క దెబ్బకే గీరుకుపోతుంది. హోల్ మధ్యలో బంతి చీలినా పగిలినా మార్చుకోవచ్చు, కేవలం గీరుకుంటే మార్చడానికి వీల్లేదు. వేడి బంతి కొద్దిగా ఎక్కువ దూరం పోతుంది. అలాగని కావాలని వేడిచేసిన బంతితో ఆడటం నియమవిరుద్ధం. కారు డిక్కీలో ఎండాకాలమంతా వదిలేయడం నేరం కాదు గానీ, బంతికి మంచిది కాదు.

దూరం హద్దు మళ్లీ చర్చలో ఉంది. 2023 డిసెంబరులో రెండు సంస్థలూ పరీక్ష వేగాన్ని 120 నుంచి 125 మైళ్లకు పెంచి, 317 గజాల హద్దును అలాగే ఉంచుతామని ప్రకటించాయి. పోటీ ఆటగాళ్లకు 2028, మిగతావారికి 2030 అని నాటి గడువు. అతి దూరం కొట్టేవాళ్లకు 13 నుంచి 15 గజాలు, వారాంతపు ఆటగాళ్లకు అయిదు గజాలో అంతకన్నా తక్కువో తగ్గుతుందని వారి అంచనా.

రంగు ఎంపికను చాలామంది చిన్నచూపు చూస్తారు. తెలుపుతో పోలిస్తే పసుపు, నారింజ రంగులు సాయంత్రపు వెలుగులో త్వరగా కనబడతాయి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లున్నవాళ్లు ఎర్ర బంతి జోలికి పోకపోవడమే మేలు. గడ్డిలో అది మాయమైపోతుంది. బంతి మీది 1 నుంచి 4 దాకా అంకెలు నాణ్యతకు గుర్తులు కావు, నలుగురు ఒకే రకం వాడుతున్నప్పుడు ఎవరిది ఏదో తెలియడానికి వేసినవి. అవి కూడా కలిసిపోతే గొడవే. అందుకే మొదటి టీ దగ్గరే చెరగని పెన్నుతో రెండు చుక్కలో, ఇంటిపేరు మొదటి అక్షరమో పెట్టుకుంటారు. పోయిన బంతిని వెతకడానికి 2019 నుంచి ఉన్న గడువు మూడు నిమిషాలే. పొదలో దొరికిన బంతి తనదేనని చెప్పలేకపోతే అది పోయినట్టే లెక్క. ఒక స్ట్రోకు జరిమానాతో, ఆ దెబ్బ కొట్టిన చోటికే తిరిగి నడవాలి.